మనోళ్ల దవాఖానల అవ్వను ముట్టి చూసినోళ్లు లేరు

ఉద్యమం నడిచిన రోజులల్ల దవాఖానల ముచ్చట మాట్లాడుడు మనకు సులువుగ ఉండె. లెక్క నోటికి వచ్చేది. ఉస్మానియా నిజాం కాలంది. గాంధీ 1954ది. వరంగల్ కాకతీయ 1959ది. ఆ తర్వాత తెలంగాణ గడ్డ మీద రాష్ట్ర సర్కారు ఇంకొక్క మెడికల్ కాలేజీ పెట్టనీకి 2008 దాకా పట్టింది, ఆదిలాబాద్ రిమ్స్ రూపంల. నడుమ 49 ఏండ్లు. 2013ల నిజామాబాద్. 2014 జూన్ 2 నాడు రాష్ట్రం వచ్చేటాళ్లకు పది జిల్లాలకు సర్కారు మెడికల్ కాలేజీలు ఐదే. మన మెదక్ జిల్లాకు ఒక్కటి గూడ లేదు. సభ ఏదైనా, డేరా ఏదైనా, మైకు పట్టుకున్న ప్రతి డిగ్రీ పోరడు ఈ లెక్క చెప్పిండు. నేనూ చెప్పిన.

ఆ లెక్క అప్పుడు తప్పు కాదు, ఇప్పుడూ తప్పు కాదు. కాని పోయిన ఏడు వానాకాలం మా అవ్వకు జ్వరం వచ్చినప్పుడు అది నాకు అక్కరకు రాలే. మా అవ్వను నాలుగు రోజులు మంచం మీద పండవెట్టి, ఒక్కసారి గూడ సరిగ ముట్టి చూడకుండ, ముప్పై ఎనిమిది వేలు కట్టిచ్చుకున్నది వలస వచ్చినోడు కాదు. కార్పొరేటోడు కాదు. మనోడు. మనతోని రోడ్డు మీద కూసున్నోడు.

ఆ దవాఖాన పేరు రాయను. రాజీవ్ రహదారి పొంటి ఉన్న నర్సింగ్ హోములల్ల అదొకటి, అంతవరకు చాలు. పేరు రాస్తే చదివినోళ్లు "ఓహో, ఆయననా" అని పేపరు మడిచి పక్కకు పెడుతరు. రాయకపోతే ఏ మండలపోళ్లు ఆ మండలంల తమకు తెలిసిన బోర్డు యాదికి తెచ్చుకుంటరు. నాకు కావాల్సింది ఆ రెండోదే.

మాది కొండపాక. వినాయకుని నిమజ్జనం అయిన మూడో నాడు మా అవ్వకు చలి పెట్టుకుంట జ్వరం మొదలైంది. మా ఇంట్ల ఒక బర్రె ఉంటది. వానాకాలంల ఒడ్ల మీద గడ్డి నడుము దాకా పెరుగుతది. పొద్దుగాల లేస్తే అవ్వ కొడవలి పట్టుకొని పోయి మోపు కట్టుకొని వస్తది. నలభై ఏండ్ల సంది ఇదే పని. జ్వరం వచ్చిన మొదటి రోజు మెడికల్ షాపుల గోలీ. రెండో రోజు మా ఊరి ఆర్ఎంపీ వచ్చి రెండు సూదులు ఇచ్చి పోయిండు. మూడో రోజు మాపటికి ఒళ్లు కాలుతున్నది, తల పగులుతున్నదని ఏడుపు, ఇగ మాట తడబడుడు షురువైంది. నేను పట్నంల డెస్కు డ్యూటీల ఉన్న. బాపు ఫోన్ చేసిండు. "మీ అవ్వ మనిషి లెక్క పలుకుతలేదు కొడుకా, ఏం చెయ్యమంటవ్?"

నేనే చెప్పిన. "సారు దగ్గరికి తీస్కపొండ్రి. మనోడే గదా, నమ్మకం ఉన్నోడు."

ఎందుకు చెప్పిన్నో గూడ చెప్పాలె. 2011ల సకల జనుల సమ్మె సెప్టెంబర్ 13 నుంచి అక్టోబర్ 24 దాకా, 42 రోజులు నడిచింది. నేను అప్పుడు సిద్దిపేటల డిగ్రీ చదువుతున్న. రాజీవ్ రహదారి మీద వంటా వార్పు పెట్టినప్పుడల్ల ఆ సారు, అప్పటికి ఇంకెవల దగ్గర్నో డ్యూటీ డాక్టరు, ఒక బల్ల ఏసుకొని ఓఆర్ఎస్ పొట్లాలు, పట్టీలు పెట్టుకొని కూసునేటోడు. ఒక రాస్తారోకోల లాఠీ తాకి నా మోచెయ్యి పగిలితే నాలుగు కుట్లు ఏసిండు. పైస అడగలే. పైగ చాయ్ తాపిచ్చిండు. ఆ కుట్ల గుర్తు ఇంక ఉన్నది. బండి నంబరు మీద ఏపీ కొట్టేసి టీజీ రాసుకున్న కాలం అది. ఆయన బండి మీద గూడ టీజీనే. అసొంటాయనను నమ్మకుండ ఎవలను నమ్మాలె?

దవాఖానకు పొయ్యేసరికి కౌంటర్ల పదివేలు కట్టుమన్నరు. మా అక్క దగ్గర నాలుగు వేలున్నయి, మిగిలింది పొద్దుగాల తెస్తమని బతిలాడితే మంచం ఇచ్చిన్రు. రక్తం తీసిన్రు. గంటల కాగితం వచ్చింది. టైఫాయిడ్. మా అవ్వకు సీసా ఎక్కిచ్చిన్రు, సూది మొదలువెట్టిన్రు. రాత్రి పది దాటినంక సారు వచ్చిండు. తలుపు కాడ నిలవడ్డడు. "ఎట్లున్నదమ్మా? ఏం కాదు, రెండు రోజులల్ల తగ్గుతది" అన్నడు. ఫైలు సిస్టర్ చేతికెల్లి తీసుకొని రెండు గీతలు గీసిండు, పోయిండు. రెండో రోజు గూడ గట్లనే. మూడో రోజు ఆయన రానే రాలే, జూనియర్ వచ్చిండు. మా అక్క నాలుగు రోజులు మంచం పక్కపొంటి ఉన్నది. ఆమె చెప్పిన మాట నాకు నిద్రల గూడ వినవడుతది: "తమ్మీ, స్టెతస్కోపు ఒక్కసారి ఛాతీ మీద పెట్టిన్రు. అంతే. వీపు చూడలే, చేతులు చూడలే, చీర జరిపి కడుపు గూడ చూడలే. అంత కాగితమే చూసిన్రు."

ఆ కాగితం సంగతి కొంచెం చెప్పుకోవాలె. మన పల్లెలల్ల "టైఫాయిడ్ వచ్చింది" అని చెప్పేటోళ్లల్ల చాలామందికి టైఫాయిడ్ ఉండదు. వాళ్లకు చేసేది విడాల్ అనే పరీక్ష. 1896 నాటిది, ఫ్రాన్స్ డాక్టరు ఒకాయన పేరు మీద ఉన్నది. ఒంట్ల టైఫాయిడ్ సూక్ష్మజీవి ఉన్నదా లేదా అన్నది అది చూడదు. దాని మీద కొట్లాడేటందుకు రక్తం తయారు చేసుకున్న పదార్థాలు ఉన్నయా అని చూస్తది. ఎన్నడో ఒకసారి టైఫాయిడ్ వచ్చి పోయినోళ్లకు, టీకా ఏసుకున్నోళ్లకు, ఒక్కోసారి వేరే జ్వరం వచ్చినోళ్లకు గూడ అది ఉన్నట్టు చూపెట్టొచ్చు. మనసొంటి ఊర్లల్ల, కలుషితం నీళ్లు తాగి పెరిగిన మనుషులల్ల, ఒక్కసారి చేసిన విడాల్‌ను నమ్మి టైఫాయిడ్ అని తేల్చేది కాదు. సరిగ తెలవాలంటే యాంటీబయాటిక్ ఎక్కక ముందే రక్తం తీసి కల్చర్ చెయ్యాలె. దానికి మూడు నాలుగు రోజులు పడుతది, మంచి ల్యాబు గావాలె. విడాల్ అయితే గంటల వస్తది. గంటల వచ్చిన జవాబుకు గంటల సీసా ఎక్కుతది. యాపారం ఆగది.

మూడో రోజు కొత్త మాట వచ్చింది. ప్లేట్‌లెట్లు అరవై వేలకు పడిపోయినయట. "డెంగ్యూ గూడ కలిసినట్టున్నది" అన్నరు. ప్లేట్‌లెట్ అన్న మాట వినంగనే మన జనానికి సగం పాణం పోతది, ఈ మాట ఇప్పుడు పల్లెల్ల పాము పేరు లెక్క అయింది. నిజానికి డెంగ్యూ చికిత్సకు కేంద్ర సర్కారు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రక్తం కారుడు లేకుంటే పది వేల కిందికి పడితే తప్ప ఉత్తగ ప్లేట్‌లెట్లు ఎక్కియ్యాల్సిన పని లేదు. అరవై వేలు భయపడే లెక్క కాదు, కనిపెట్టుకొని ఉండే లెక్క. పైగ ప్లేట్‌లెట్లు డెంగ్యూల ఒక్కదాంట్లనే పడవు. మలేరియాల పడుతయి, ఇంకా చాన జ్వరాలల్ల పడుతయి. మా అవ్వకు వచ్చిన జ్వరంల గూడ పడుతయి. అదేం జ్వరమో చూసే తీరిక ఎవలకు లేకుండె.

నాలుగో రోజు మాపటికి దమ్ము షురువైంది. అప్పుడు సారు స్వయంగ వచ్చి బాపును పక్కకు పిలిచిండు. "పెద్దాయనా, ఇగ హైదరాబాద్ తీస్కపోవాలె. మా అంబులెన్స్ తయారుగున్నది, అక్కడ మాకు తెలిసిన దవాఖాన ఉన్నది, ఫోన్ చేస్త. చేరంగనే ఒక లక్ష కట్టాలె." అప్పటికే మా అక్క పుస్తెలతాడు సిద్దిపేటల కుదువకు పోయింది. బిల్లు ముప్పై ఎనిమిది వేలు తెగితే తప్ప మనిషిని బయటికి పంపమన్నరు. కట్టినం.

అంబులెన్స్ ఎక్కియ్యకుండ ఆపింది మా బావ. ఆయన పెద్దగ చదువుకున్నోడు కాదు, ట్రాక్టర్ నడుపుతడు. "లక్ష ఎక్కడ్నుంచి తెస్తం మామా? అర్ధగంట తొవ్వ సిద్దిపేట. మెడికల్ కాలేజీ దవాఖాన ఉండంగ పట్నం ఎందుకు?" అన్నడట. నేను ఫోన్ల "సర్కారు దవాఖానకా!" అన్న. జర్నలిస్టును, ఉద్యమకారున్ని, సర్కారు మెడికల్ కాలేజీ కావాలని నినాదం ఇచ్చినోన్ని. 2018ల మన సిద్దిపేటకు ఆ కాలేజీ వచ్చిన రోజు సంబురంగ వార్త రాసినోన్ని. తీరా అవ్వ పాణం మీదికి వస్తే నా నోట్లకెల్లి వచ్చిన మాట అది. రాసుకుంటుంటే సిగ్గయితున్నది, అయినా రాస్తున్న.

రాత్రి పదకొండింటికి తీస్కపోయిన్రు. క్యాజువాలిటీల మంచాలు నిండి ఉన్నయి, మా అవ్వను స్ట్రెచర్ మీదనే ఉంచిన్రు. అక్కడ పీజీ చదివే ఒక ఆడపిల్ల వచ్చింది. ముందుగాల అడిగిన మాట: "అవ్వా, నువ్వు ఏం పని చేస్తవ్?" మా అవ్వ పలికే స్థితిల లేదు, అక్క చెప్పింది: పొలం పని, గడ్డి కోస్తది. ఆ పిల్ల పరదా గుంజి, చీర జరిపి, నెత్తి నుంచి కాలు దాకా చూసింది. ఎడమ చెయ్యి లేపింది. చంకల, బీడీతోని కాల్చినట్టు, నల్లటి పక్కు. చుట్టూ ఎర్రగ. నొప్పి లేదు, దురద లేదు, అందుకే మా అవ్వకు గూడ అది ఉన్నట్టు తెల్వదు. ఆ పిల్ల తన సారుకు ఫోన్ చేసి ఒక్కటే మాట అన్నదట: "స్క్రబ్ టైఫస్ సార్, ఎస్కార్ ఉన్నది."

పేరుల టైఫస్ ఉన్నా దీనికి టైఫాయిడ్‌కు సుట్టరికం లేదు. గడ్డిల, పొదలల్ల, ఎలుకలు తిరిగే కాడ కంటికి కనవడనంత సన్న నల్లి లాంటి పురుగు ఉంటది. దాని పిల్ల పురుగు కుడితే ఒంట్లకు సూక్ష్మజీవి పోతది. పది రోజులు అటిటుగ జ్వరం మొదలైతది. కుట్టిన కాడ నల్ల పక్కు కడుతది. అందరికీ కట్టది గని, కట్టినోళ్లకు అది ఎక్కువ చంకల, గజ్జల, రొమ్ముల కింద, నడుము కాడ ఉంటది. బట్ట జరిపి చూస్తే తప్ప దొరకది. ఇది కొత్త రోగం గూడ కాదు. రెండో ప్రపంచ యుద్ధంల బర్మా అడవులల్ల సిపాయిలను పండవెట్టింది ఇదే. ఉత్తరప్రదేశ్ గోరఖ్‌పూర్ దిక్కు ఏండ్లకేండ్లు పిల్లలు మెదడువాపుతోని చచ్చిపోతుంటే, చాలామంది విషయంల దీని చెయ్యి ఉన్నదని తర్వాత పరిశోధనల తేలింది. టైఫాయిడ్‌కు ఇచ్చే సూదులు దీని మీద పని చెయ్యవు. పని చేసే మందు డాక్సీసైక్లిన్. సాదా గోలీ. మా అవ్వ కోర్సుకు బయట కొంటే వంద రూపాయలు గూడ కాదు. సమయానికి పడితే ఒకటి రెండు రోజులల్ల జ్వరం దిగుతది. పడకపోతే ఊపిరితిత్తులకు, కిడ్నీలకు, మెదడుకు ఎక్కుతది.

మా అవ్వకు ఊపిరితిత్తులకు ఎక్కింది. ఐదు రోజులు ఐసీయూల ఆక్సిజన్ మీద ఉన్నది. కిడ్నీల లెక్క పెరిగింది, డయాలసిస్ దాకా పోకుండనే దిగింది. పన్నెండో రోజు ఇంటికి తెచ్చినం. సర్కారు దవాఖానల మాకు అయిన ఖర్చు చాయ్ బన్నులు, ఆటో కిరాయిలు. పత్తి ఏరే కాలం మొత్తం అవ్వ మంచంలనే ఉన్నది. కైకిలోళ్లను పెట్టి ఏరిపిచ్చినం. బర్రెను అమ్మినం. పుస్తెలతాడు ఇంక విడిపియ్యలే.

ఇంత జరిగినంక నేను సారు దగ్గరికి పోయిన. కొట్లాడనీకి కాదు. ఫైలు అడుగుదామని. ఆయన లోపలికి పిలిచి కూసుండవెట్టిండు, చాయ్ తెప్పిచ్చిండు. అదే మనిషి. ముఖంల అలసట ఎక్కువైంది. నేను చెప్పింది మొత్తం విన్నడు. విని, "తమ్మీ, రోజుకు నూట ఇరవై మందిని చూస్తున్న. ఒక్కొక్కలను పండవెట్టి చంకలు చూసుకుంట కూసుంటే ఎట్ల?" అన్నడు. తర్వాత ఇంకో మాట అన్నడు, అది మాత్రం కొట్టిపారెయ్యలేను: "సీసా ఎక్కియ్యకుంటే మనోళ్లే లేచి పక్క దవాఖానకు పోతరు. ఈ బిల్డింగు బ్యాంకుది. స్కానింగ్ మిషన్ కంపెనోడిది. నెల కిస్తీ నాది." చివరికి, లేవబోతుంటే, మెల్లగ: "పేపర్ల రాస్తవా ఏంది? మనం మనం ఒకటి గదా."

నిజమే, సీసా సంగతి. మా అవ్వ గూడ రెండో రోజు ఆర్ఎంపీని అడిగింది, "ఒక సీసా ఎక్కియ్యరాదుర బిడ్డా, పాణం కుదుటపడుతది" అని. గ్లూకోజ్ సీసా అంటే ఉప్పు నీళ్లు, చెక్కెర నీళ్లు అని చెప్పినా నమ్మరు. చిన్నప్పటిసంది సూది అంటే మందు, గోలీ అంటే మామూలు అన్నట్టు పెరిగినం. ఆర్ఎంపీని తిట్టుడు పట్నపోళ్లకు సులువు. రాత్రి రెండింటికి తలుపు కొడితే లేచి వచ్చేది ఆయననే. చాన పీహెచ్‌సీలు మాపటి నాలుగింటికి మూతపడుతయి, జ్వరం నాలుగింటికి ఆగదు. కాని ఆ ఆర్ఎంపీకి, ఆ నర్సింగ్ హోముకు నడుమ నడిచే లెక్క మాత్రం ఖరాబు లెక్క. మేము మా అంతట మేము పోయినం గదా, అయినా మా అవ్వను "పంపిన" ఖాతా ఆర్ఎంపీ పేరు మీద రాసిన్రని తర్వాత తెలిసింది. ఆయనకు ఎంత ముట్టిందో నేను అడగలే. ఆయన చెప్పలే.

డాక్టర్లకు ఈ కమీషన్ నిషేధం. 2002ల మెడికల్ కౌన్సిల్ తెచ్చిన నైతిక నియమావళిల సాఫ్ సీదగ రాసి ఉన్నది: రోగిని పంపినందుకు పైస ఇచ్చుడు గాని తీసుకునుడు గాని చెయ్యొద్దు. అదే నియమావళిల ఇంకో మాట ఉన్నది, ఇది ప్రతి ఇంట్ల తెలిసి ఉండాలె. రోగి గాని, ఆయన తరఫు మనిషి గాని వైద్యం కాగితాలు అడిగితే 72 గంటలల్ల ఇయ్యాలె. మూడేండ్లు ఆ కాగితాలను దాచిపెట్టాలె. ఇగ ధరల సంగతి: 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద 2012ల వచ్చిన నియమాల ప్రకారం ఏ సేవకు ఎంత తీసుకుంటున్నరో జనానికి కనవడేటట్టు, స్థానిక భాషల రాసి పెట్టాలె. నేను ఆ రోజు సారు రూముల కూసున్నప్పుడు గోడలన్నీ చూసిన. దేవుని పటం ఉన్నది. ఉద్యమ కాలం నాటి ఫోటో ఉన్నది, అందుల నేనూ ఉన్న, ఒక మూలకు. ధరల బోర్డు లేదు.

ఫైలు ఇయ్యలే. "మళ్ల రా, రికార్డు రూం అబ్బాయి లేడు" అన్నరు. మూడుసార్లు పోయిన.

కోర్టుకు పోతే ఏమొస్తది, డాక్టరు మీద ఇంకో డాక్టరు సాక్ష్యం చెప్తడా అని మా బాపు అంటడు. ఇది చాలామంది మాట. దీనికి జవాబు మన హైదరాబాద్‌లనే ఉన్నది. 2002 జూలైల మలేరియా శాఖల పని చేసే ఒకాయన తన భార్యకు జ్వరమని ఒక ప్రైవేటు సూపర్ స్పెషాలిటీ దవాఖానల చేర్చిండు. పరీక్షల టైఫాయిడ్ లేదని వచ్చినా అక్కడ టైఫాయిడ్‌కే వైద్యం చేసిన్రు. పరిస్థితి చెయ్యి దాటినంక వేరే దవాఖానకు మార్చిన్రు, ఆమె బతకలే. జిల్లా వినియోగదారుల ఫోరం ఆయనకు రెండు లక్షల పరిహారం, కట్టిన పదివేలు వాపస్ ఇయ్యమన్నది. రాష్ట్ర కమిషన్ దాన్ని కొట్టేసింది. నిపుణుల సాక్ష్యం లేదన్నది. జాతీయ కమిషన్ గూడ ఆయన దిక్కు నిలవలే. సుప్రీంకోర్టు 2010 మార్చి 8 నాడు జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది. ప్రతి కేసుల నిపుణుని సాక్ష్యం ఉండి తీరాలన్న రూలు లేదు, తప్పు కండ్లకు కొట్టొచ్చినట్టు కనవడుతుంటే ఫోరమే తేల్చొచ్చు అన్నది. ఎనిమిదేండ్లు పట్టింది. దోమల మలేరియా పురుగు ఉన్నదని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20 నాడు కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లనే. ఆ ఊర్లనే నూరేండ్ల తర్వాత మలేరియా శాఖ ఉద్యోగి భార్య జ్వరం ఏందో తేలక చచ్చిపోయింది.

పైస కట్టి చేయించుకున్న వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తదని సుప్రీంకోర్టు 1995లనే చెప్పింది. 2020 జూలై నుంచి అమలుల ఉన్న కొత్త చట్టం కింద ఐదు లక్షల లోపు ఖర్చు మీద కేసుకు ఫీజు లేదు. రెండేండ్లల్ల ఎయ్యాలె. వకీలు లేకుండ గూడ ఎయ్యొచ్చు. ఇది తెలిసినోళ్లు మన మండలంల ఎంతమంది? నాకు నలుగురు గూడ దొరకలే, అందుల ఇద్దరు వకీళ్లు.

సర్కారు దిక్కు గూడ చూద్దాం. 2007ల ఆరోగ్యశ్రీ వచ్చినప్పుడు పెద్ద ఆపరేషన్ల జాబితా పెట్టిన్రు. మలేరియా, ఫైలేరియా, ఇతర అంటురోగాలను జాతీయ కార్యక్రమాల కిందికి వస్తయని ఆ జాబితా బయట ఉంచిన్రు. గుండె కోసుకుంటే సర్కారు పైస, జ్వరంతోని పోతే సొంత పైస. ఆ పైసలు కార్పొరేట్లకు పోతున్నయని మనం అప్పుడు ధర్నాలు చేసినం. 2023 డిసెంబర్ 9 నుంచి ఆరోగ్యశ్రీ హద్దు పది లక్షలకు పెంచిన్రు, మంచిదే. కాని పల్లెల సంసారాన్ని కూలగొట్టేది పది లక్షల ఆపరేషన్ కాదు. ముప్పై ఎనిమిది వేల జ్వరం. ఉద్యోగ మిత్రులకు, మాకు హెల్త్ కార్డులు ఇచ్చిన్రు. ఆ కార్డు జాబితాల ఉన్న దవాఖానల పని చెయ్యాలె, జ్వరం వచ్చిన రాత్రి జాబితా ఎవడు చూస్తడు? నా కార్డు నా పర్సులనే ఉండె.

మంచి జరగలేదని నేను అనను. సిద్దిపేటకు 2018ల, సంగారెడ్డికి 2022ల, మెదక్‌కు 2024ల సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చినయి. ఒక్కటి లేని పాత జిల్లాల ఇప్పుడు మూడు. మా కొండపాకలనే పసిపిల్లల గుండెలకు పైస తీసుకోకుండ ఆపరేషన్లు చేసే సత్యసాయి సంజీవని దవాఖాన ఉన్నది. మా అవ్వ బతికింది మనం కొట్లాడి తెచ్చుకున్న కాలేజీ పుణ్యాన. ఆ పీజీ పిల్ల ఆ రాత్రి అక్కడ ఉన్నదంటే ఆ కాలేజీ ఉండవట్టే. ఇది మన గెలుపు, ఎవలు కాదన్నా ఒప్పుకోను. కాని ఆ దవాఖాన వాకిలి దాకా పోవాలంటే నడుమ నాలుగు రోజులు, ముప్పై ఎనిమిది వేలు కట్టి దాటాలె. ఆ నడుమ జాగను మనం ఎన్నడూ చూడలే. ఎందుకంటే అక్కడ కూసున్నోళ్లందరు మనోళ్లు. కరపత్రాలకు చందా ఇచ్చినోళ్లు. జెండా మోసినోళ్లు.

ఇంకో మాట చెప్పకుంటే ఈ వ్యాసం దొంగ వ్యాసం అయితది. ఈ పత్రికల జూన్ 2కు, బతుకమ్మకు, దసరాకు శుభాకాంక్షల ప్రకటనలు వస్తయి. సగం పేజీ, పావు పేజీ. అందుల నర్సింగ్ హోములు ఎన్ని ఉంటయో పాత సంచికలు తిరగేస్తే తెలుస్తది. మన జీతాలు అందుల్నుంచే వస్తయి. ఈ వ్యాసం ఇస్తే ఎడిటర్ సారు చదివి కొంచెంసేపు మాట్లాడలే. "దవాఖాన పేరు రాయలే గదా" అన్నడు. రాయలేదన్న. "అయితే ఎయ్యి" అన్నడు. ఆ ఒక్క మాటల చాన ఉన్నది, ఎవలకు వాళ్లు అర్థం చేసుకోవాలె.

విద్యార్థి మిత్రులు అడుగుతున్నరు, ఏం చేద్దామని. పోయిన నెల మా ఊరి పోరగాండ్లు నలుగురు గ్రామ పంచాయతి కాడ ఒక తెల్ల బట్ట కట్టి దాని మీద రాసిన్రు: జ్వరం వస్తే ఒళ్లంత చూపెట్టుకో, గడ్డి కోస్తవని డాక్టరుకు చెప్పు, కాగితాలు అడుగు, రసీదు అడుగు. ధర్నా కాదు, బంద్ కాదు. సారు దవాఖాన ముందట నుంచే పోయిన్రట, ఆయన చూసి ఏమనలే. వారం తర్వాత ఒక ముసలాయన చంకల పక్కు ఉన్నదని తనంతట తను చెప్పుకొని సిద్దిపేట పోయిండు. అది ఉత్త కురుపేనట. అయినా పోయిండు గదా.

అవ్వ ఇప్పుడు తిరుగుతున్నది. కొత్తగ ఇంకో బర్రె తెద్దామంటున్నది. గడ్డికి పోతే బాపు పాత పొడుగు చేతుల అంగీ తొడుక్కొని పోతది, ఇంటికి రాంగనే తానం చేస్తది, అక్క చెప్పినట్టు. "ఆ సారు మీద కేసు ఏస్తవార?" అని మొన్న అడిగింది. "పాపం, నీకు కుట్లు ఏసినోడు గదా" అన్నది.

నేను కాగితాల కోసం అర్జీ రాసి స్పీడ్ పోస్టుల పంపిన. 2002 నియమావళి, 72 గంటలు, అన్ని రాసిన. కింద నా పేరు రాసి, పక్కన అవ్వ ఏలిముద్ర ఏయించిన. ముట్టినట్టు పోస్టాఫీసు నుంచి వచ్చింది. ఈ సంచిక అచ్చుకు పొయ్యేటప్పటికి పంతొమ్మిది రోజులు. కాగితాలు రాలే.